ఇటలీ వంట స్వయంబోధిని – 4వ పాఠం: ప్రొషూత్తోతో ఆంటిపాస్తో

గత పాఠంలో ఆంటిపాస్తోగా, అంటే భోజనానికి ముందు తినే చిరువంటకంగా, ప్రొషూత్తో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) పొరను ఖర్బూజా ముక్కకు చుట్టి వడ్డించమని చెప్పాను. చేసి చూసినవారిలో చాలామంది నోట పెట్టలేనంత ఉప్పగా ఉందని రాశారు. వివరాలు అడిగితే, చుట్టేముందు దానిని పెనం మీద వేయించారని తేలింది. "ప్రొషూత్తో క్రూదో"లో క్రూదో అంటే పచ్చిది అని మాత్రమే చెప్పి, ఆ పచ్చిదనం ఎటువంటిదో వివరించకుండా నేను ముందుకు వెళ్లాను. ఆ లోటును ముందుగా పూడ్చాలి.

ఉప్పుచేపనైనా ఎండురొయ్యలనైనా వేయించో పులుసులో వేసో తినడం మనకు అలవాటు కనుక చేయి పెనం వైపు వెళ్లింది. ప్రొషూత్తోను పోల్చుకోవలసింది వాటితో కాదు, ఆవకాయతో. మామిడి ముక్క నిప్పు సెగ తగలకుండానే ఉప్పులో, కారంలో, నూనెలో ఊరి తినడానికి సిద్ధమవుతుంది. దానిని మళ్లీ ఎవరూ ఉడికించరు. ఇటలీలోని పార్మా నగరం దగ్గరి కొండప్రాంతంలో పంది తొడకు సముద్రపు ఉప్పు పట్టించి, కొన్ని వారాల తరువాత కడిగి, మొత్తం మీద 14 నెలలకు తక్కువ కాకుండా ఆరబెట్టి మాగనిస్తారు. ఈలోగా తొడ బరువు నాలుగో వంతుకు పైగా తగ్గి, హానికరమైన సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన తేమ అందులో మిగలదు. 1996 నుంచి ఐరోపాలో "పార్మా ప్రొషూత్తో" అనే పేరుకు చట్టరక్షణ ఉంది. ఐదు కొనల కిరీటం ముద్ర ఉన్న పార్మా ప్రొషూత్తోలో నిలవ రసాయనాలు కలపరు. ఇంతగా ఆరినదానిని వేయిస్తే కొవ్వు కరిగి పెనంలోనే ఉండిపోతుంది, మిగిలిన కాస్త నీరూ ఆవిరైపోతుంది, ఇక నాలుకకు తగిలేది ఉప్పే. గర్భిణులు మాత్రం దీనిని పచ్చిగా తినకూడదు.

అంచున ఉన్న తెల్లని కొవ్వును కోసి పారవేయవద్దు, తియ్యదనమంతా అందులోనే ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఆ కొవ్వు మైనంలా బిగుసుకుని ఉంటుంది, పొర విడదీయబోతే చిరుగుతుంది. పది నిమిషాలు ఆగితే అది మెరుపెక్కి, వేలి మీద వేస్తే పల్చని గుడ్డలా వాలుతుంది. మన వేసవిలో అయితే ఐదు నిమిషాలు చాలు.

ఖర్బూజా ముక్కలను పొడిగుడ్డతో అద్ది, వడ్డించే క్షణంలోనే చుట్టాలి, ఉప్పు చల్లకూడదు. అంజూరపండును పైనుంచి నాలుగు చీలికలుగా సగం వరకు కోసి, మధ్యలో ఒక పొరను వదులుగా మడిచి పెట్టవచ్చు. కొందరు తేనె వేస్తారు, పండు బాగా పండితే అది అనవసరమని నా అభిప్రాయం. ఇటలీలోని తోరినో (టూరిన్) నగరం వారి గ్రిస్సీని అనే సన్నని కరకర రొట్టె పుల్లలకు పై సగానికే చుట్టి, కింది సగాన్ని పట్టుకోవడానికి వదలాలి. ముందే చుట్టి ఉంచితే పుల్ల మెత్తబడుతుంది కనుక నేను బల్ల దగ్గరే చుట్టుకోమంటాను.

అభ్యాసం: ఒకే పొట్లంలోంచి మూడు పొరలు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, ఒకటి పది నిమిషాల తరువాత, ఒకటి వేయించి, నడుమ మంచినీళ్లు తాగుతూ, ఏమీ కలపకుండా తినండి. ఉప్పు, తీపి, వాసన ఏ వరుసలో తెలిశాయో మూడింటికీ విడివిడిగా రాసుకుని, వచ్చే పాఠానికి ముందు నాకు పంపండి.