రెడిస్ క్లస్టర్ పెట్టేముందు తలుపులు వేసుకోండి

డేటాని మెమరీలో ఉంచే డేటాబేస్ రెడిస్‌ని ఇన్‌స్టాల్ చెయ్యడం రెండు నిమిషాల పని, అసలు తలనొప్పంతా దాన్ని బయటివాళ్ళకి కనపడకుండా దాచడమే. ముందు కాన్ఫిగ్ ఫైల్లో బైండ్ లైన్ (ఏ అడ్రస్‌ల మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పేది) చూడండి, అక్కడ 127.0.0.1 (అంటే ఆ సర్వర్ తనే), సర్వర్ ప్రైవేట్ ఐపీ తప్ప ఇంకేం ఉండకూడదు, 0.0.0.0 (అంటే అన్ని అడ్రస్‌లూ) పెట్టారో తలుపులు బార్లా తీసినట్టే. రెడిస్ 3.2 వెర్షన్ నుంచి ప్రొటెక్టెడ్ మోడ్ (పాస్‌వర్డ్ పెట్టకపోతే బయటి కనెక్షన్లని ఆపేది) ఉంది కదా అని ధీమా వద్దు, కనెక్ట్ అవ్వట్లేదని చిరాకేసి మనమే దాన్ని ఆపేస్తాం, నేనూ ఓ టెస్ట్ సర్వర్లో అలాగే ఆపి మర్చిపోయా, తెల్లారి చూస్తే కీస్ (దాచిన డేటా) అన్నీ మాయం, ఎవరో పెట్టిన క్రాన్ లైన్లు (టైముకి వాటంతటవే నడిచే కమాండ్లు) మాత్రం ఉన్నాయి!

ఫైర్‌వాల్లో రెడిస్ పోర్ట్ 6379 ఒక్కటే తెరిస్తే నోడ్లు (క్లస్టర్లోని సర్వర్లు) మాట్లాడుకోవు, దానికి 10000 కలిపి 16379 కూడా వాటి మధ్య తెరవాలి, చాలామందికి గంటలు పోయేది ఇక్కడే. పాస్‌వర్డ్ పెడితే రిప్లికాల్లో (మాస్టర్ డేటాకి కాపీ ఉంచే నోడ్లలో) మాస్టర్‌ఆత్ (మాస్టర్ పాస్‌వర్డ్ చెప్పే సెట్టింగ్) కూడా పెట్టండి, లేకపోతే సింక్ అవ్వదు. యాప్‌కి మాత్రం 6.0లో వచ్చిన ఏసీఎల్‌తో (ఏ యూజర్ ఏ కమాండ్ వాడొచ్చో చెప్పే జాబితా) వేరే యూజర్ చేసి, ఫ్లష్‌ఆల్ (డేటా మొత్తం చెరిపేసేది), కాన్ఫిగ్ (సెట్టింగ్‌లు మార్చేది) కమాండ్లు పీకెయ్యండి. టీఎల్ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) కూడా ఆ వెర్షన్ నుంచే ఉంది.

చివర్లో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి బయట్నుంచి రెడిస్ పింగ్ కమాండ్ కొట్టండి. జవాబుగా పాంగ్ వచ్చిందా, పని మళ్ళీ మొదటికి. నోఆత్ (పాస్‌వర్డ్ కావాలి) ఎర్రర్ వచ్చినా సంతోషపడొద్దు, పోర్ట్ బయటికి కనపడుతున్నట్టే. టైమౌట్ అయితేనే ప్రొడక్షన్‌కి పంపండి.