రాత్రికి రాత్రే నారు మాయమవుతోందా? ఆఫ్రికా నత్తల పని పట్టడం ఇలా

సమస్య: సాయంత్రం పచ్చగా ఉన్న మొక్క తెల్లారేసరికి మోడు. మందు కొట్టినా ఆగడం లేదు.

బంతి నారైనా, బొప్పాయి మొక్కైనా, క్యాబేజీ అయినా ఇదే వరస. పగలు ఎంత వెతికినా ఏమీ దొరకదు కాబట్టి లద్దెపురుగని పురుగుమందు కొట్టేస్తారు. డబ్బు దండగ. ముందు మొక్క మొదట్లో చూడండి. లద్దెపురుగైతే నల్లటి గింజల్లాంటి రెట్ట రాలి ఉంటుంది. నత్తయితే ఎండ పడగానే తళతళలాడే జిగురు చార, పక్కనే మెలికలు తిరిగిన దారం ముక్కల్లాంటి రెట్ట. ఇంకా అనుమానముంటే రాత్రి ఎనిమిది దాటాక టార్చి పట్టుకుని వెళ్ళండి. వాన వెలిసిన రాత్రయితే దొంగ దొరికినట్టే.

కారణం: తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద నత్త. మన దేశానికి 1847లో కలకత్తా దారిన వచ్చింది. దీన్ని పట్టుకొచ్చి వదిలింది నత్తల మీద మోజున్న విలియం బెన్సన్ అనే ఇంగ్లీషాయన! ఇది పురుగు జాతే కాదు, అందుకే మనం వాడే పురుగుమందులు చాలావరకు దీని మీద పనిచేయవు.

పరిష్కారం: పైరు మీద పిచికారీ ఆపి, నత్తలు దాక్కునే చోట్ల మీద పడండి. సాయంత్రం తడి గోనె సంచులు గట్ల వెంట పరిచి, కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో వేయండి. తెల్లారి ఎండ ఎక్కకముందే సంచి ఎత్తితే గుంపుగా అతుక్కుని ఉంటాయి. గ్లవుజులు తప్పనిసరి. ఎలుకల ఊపిరితిత్తుల నులిపురుగును ఈ నత్తలు మోస్తాయి, అది మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది. ఆ తోట కూరగాయలు, ఆకుకూరలు పచ్చివి తినకండి. బాగా కడిగి వండుకోండి.

ఏరినవాటిని చిక్కటి ఉప్పునీళ్ళ బకెట్లో వేసి చంపి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఉప్పు బకెట్లోనే ఉండాలి, పొలంలో చల్లితే నత్తతోపాటు నేలా పోతుంది. కుప్పపోసిన నత్తల మీద చల్లడానికి కేరళ అటవీ పరిశోధన సంస్థ చెప్పిన ద్రావణం ఒకటుంది: 25 గ్రాముల పొగాకును లీటరున్నర నీళ్ళలో లీటరయ్యేదాకా మరిగించి, లీటరు నీళ్ళలో కరిగించిన 60 గ్రాముల మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) కలపాలి. అంత ఘాటు ఆకు మీద పడితే మాడిపోతుంది, జాగ్రత్త.

సమస్య: రోజూ ఏరుతున్నా మళ్ళీ వస్తున్నాయి.

కారణం గుడ్లు. ఒక్కో నత్తలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి కాబట్టి జత కట్టిన ప్రతిదీ గుడ్లు పెట్టగలదు. ఒక్క విడతకే వందకు పైగా, ఏడాదికి అలాంటివి కొన్ని విడతలు. గుల్లగా ఉన్న మట్టిని వేళ్ళతో కాస్త కదిపితే సగ్గుబియ్యం రాలినట్టు పసుపు తెలుపు గుడ్లు బయటపడతాయి. అరటి బోదెల కుప్ప, కొబ్బరి డొక్కలు, పెంట గుంట అంచు, రాళ్ళ గట్టు చూడండి. కొత్త తోటలకైతే నర్సరీ సంచి మట్టిలోనే దిగుతాయి, మొక్క కొనేటప్పుడు సంచి అడుగు తిప్పి చూడాలి. గుడ్లు దొరికితే నలిపేసి పూడ్చండి. పక్క పొలంవాళ్ళు కలిసిరాకపోతే మీ చాకిరీ సగం వృథా, ఈ మాట వాళ్ళతో మొహమాటం లేకుండా చెప్పండి.

సమస్య: నత్తల గుళికలు వేశాం, ఫలితం లేదు.

మెటాల్డిహైడ్ గుళికలు పొద్దున వేస్తే ఎండకు, వాన ముందు వేస్తే నీటికి పాడవుతాయి. వాన లేని సాయంత్రం, తడి నేల మీద, కుప్పగా కాకుండా పలచగా చల్లండి. తిన్న నత్త జిగురు కక్కి చతికిలపడుతుందే గానీ, చల్లగా తేమగా ఉంటే తేరుకుని లేచిపోతుంది. తెల్లారి వెళ్ళి ఏరేయాల్సిందే. కుక్కలు, కోళ్ళు తిరిగే పెరట్లో ఈ మందు వద్దు, తింటే చస్తాయి. అక్కడ ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు మేలు. ఇవి తిన్న నత్త మేత మానేసి ఎక్కడో దాక్కుని చస్తుంది. శవాలు కనబడలేదని మందు పనిచేయలేదనుకోకండి.

సమస్య: కుండీల్లో నల్లగా, చదునుగా, గుల్ల లేని నత్తలు.

అవీ ఆఫ్రికా నుంచి వచ్చినవే. గుల్ల లేదు కాబట్టి ఎండకు తాళలేవు. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టి, అడుగు ఆరనిచ్చి, నీళ్ళు సాయంత్రం బదులు పొద్దున పోయండి.

సమస్య: ఎండాకాలం ఒక్కటీ లేదు, తొలకరికి వందలు.

అవి ఎక్కడికీ పోలేదు. గుల్ల నోటికి తెల్లటి మూత బిగించుకుని చెట్టు మొదళ్ళలో, గోడ నీడన, గట్టు బొరియల్లో నిద్రపోతుంటాయి. ఏడాది మొత్తంలో తేలిగ్గా దొరికేది అప్పుడే. మే నెలలో ఊళ్ళో నలుగురు కలిసి గట్లు, గోడలు గాలించి ఏరితే, వాన పడి గుడ్లు పెట్టకముందే సగం బలగం పోతుంది.