తరగతి గదిలో పరిశోధన – 3వ పాఠం: మార్కులు దాచే తప్పును బయటికి తీసే ప్రశ్నపత్రం

కిందటి పాఠంలో మన పరిశోధన ప్రశ్నను ఖాయం చేసుకున్నాం. ఏడో తరగతి పిల్లలు రెండు దశాంశ సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పడంలో ఎక్కడ తడబడుతున్నారు, బోధనలో ఏం మారిస్తే ఆ తడబాటు పోతుంది అన్నదే ఆ ప్రశ్న. ఇవాళ బోధన జోలికి పోవద్దు. బోధన మార్చే ముందు, మార్చిన తర్వాత వాడే ప్రశ్నపత్రం తయారు చేయడం, దాన్ని దిద్దడం, ఫలితాన్ని చదవడం నేర్చుకుందాం. డైట్‌లోనూ బీఈడీలోనూ యాక్షన్ రీసెర్చ్ (టీచరే తన తరగతిలో చేసే పరిశోధన) పేరుతో చేసే ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే. పాఠ్యపుస్తకంలోంచి పది లెక్కలు తీసి ముందోసారి, తర్వాతోసారి పెట్టి, సగటు 4 నుంచి 7కి పెరిగిందని రాసేస్తారు. ఎవరి ఆలోచనలో ఏం మారిందో ఆ సగటు చెప్పదు.

ముందు తప్పు తీరు తెలియాలి. 4.8, 4.63 ఇచ్చి ఏది పెద్దదని అడిగితే కొందరు పిల్లలు 4.63 అంటారు. పాయింటు తర్వాత భాగాన్ని మామూలు సంఖ్యలా చదివి 8 కంటే 63 పెద్దదనుకుంటారు. వీళ్ల సూత్రాన్ని ‘పొడుగుదే పెద్దది’ అందాం. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు. పదో వంతు కంటే నూరో వంతు చిన్నది కాబట్టి, పాయింటు తర్వాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నదైపోతుందని వాళ్ల లెక్క. వాళ్లది ‘పొట్టిదే పెద్దది’. ఈ రెండూ మన జిల్లాల పిల్లలకే ఉన్న తప్పులు కావు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్లే ఈ తీర్లను ఏళ్ల తరబడి పరిశీలించి, వాటిని విడదీసే పోలిక పరీక్షను తయారు చేశారు. మన పత్రానికీ ఆ పద్ధతే ఆధారం.

ఇప్పుడు అసలు కిటుకు. 5.736, 5.62లో ఏది పెద్దది? 5.736. ‘పొడుగుదే పెద్దది’ అనుకునే పిల్లాడు కూడా ఇదే జవాబు రాస్తాడు, మార్కు వస్తుంది. 4.8, 4.63 ఇస్తే ‘పొట్టిదే పెద్దది’ అనుకునే పిల్లకు మార్కు వస్తుంది. తప్పు సూత్రం కూడా సరైన జవాబు తెచ్చిపెట్టగలదు. అందుకే ఏ ప్రశ్న రాసినా ముందు ఇలా అడగండి: తప్పు సూత్రం పట్టుకున్నవాడు దీనికి ఏం రాస్తాడు? వాడి జవాబు, సరైన జవాబు ఒకటే అయితే ఆ ఒక్క ప్రశ్న వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు.

పత్రంలో రెండు రకాల జతలు, ఒక్కో రకానికి ఐదు.

అ రకం (పొట్టిదే నిజంగా పెద్దది): 4.8 – 4.63, 0.36 – 0.5, 0.75 – 0.8, 2.4 – 2.125, 3.481 – 3.92.

ఆ రకం (పొడుగుదే నిజంగా పెద్దది): 5.736 – 5.62, 0.3 – 0.426, 1.86 – 1.4, 2.3 – 2.567, 7.942 – 7.63.

వీటికి నాలుగు అదనపు ప్రశ్నలు చేర్చండి. 3.7 – 3.70 సమానమని తెలుసో లేదో చూడటానికి. 0 – 0.6 సున్నాతో మొదలయ్యే దశాంశం సున్నా కంటే చిన్నదనుకునే వాళ్లకోసం. 4.4502 – 4.45 దశాంశాన్ని రూపాయలు, పైసలుగా చదివి రెండంకెల తర్వాత ఆగిపోయే వాళ్లకోసం. చివరిది: 0.3కీ 0.4కీ మధ్య ఏదైనా సంఖ్య ఉందా, ఉంటే ఒకటి రాయండి. ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. అంకెలు సమానమయ్యేదాకా సున్నాలు చేర్చి పోల్చమని మనలో చాలామంది నేర్పుతాం. 4.8ని 4.80 చేస్తే 80, 63 పోల్చడం తేలికే, జవాబూ వస్తుంది. కానీ పిల్లలు చేస్తున్నది మళ్లీ మామూలు సంఖ్యల పోలికే. అలా నేర్చుకున్నవాళ్లు మొదటి పది ప్రశ్నలు సరిగ్గా రాసి, 0.3కీ 0.4కీ మధ్య ఏమీ లేదని రాసే అవకాశం ఉంది.

పైసల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ధరలతో ఉదాహరణలు ఇస్తే పిల్లలకు దగ్గరగా ఉంటుందని అనుకుంటాం. కానీ ధరల్లో పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే. పలాసలో జీడిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద 0.250, 0.500, 1.750 అని ఎప్పుడూ మూడంకెలు కనిపిస్తాయి. అంకెలు సమానంగా ఉన్నంతకాలం ‘పొడుగుదే’, ‘పొట్టిదే’ అనే తప్పు సూత్రాలు బయటపడవు. బజారు లెక్కల్లో చురుగ్గా ఉండే పిల్లలు కూడా ఈ పత్రంలో తడబడటానికి ఇదొక కారణం. బోధనకు ఆ ఉదాహరణలు వాడుకోండి, పరీక్షకు వద్దు.

ఒక్కో రకానికి ఒక్క ప్రశ్న చాలదా అంటే చాలదు. రెండింట్లో ఒకటి ఊహించి గీస్తే సగం సార్లు సరిపోతుంది. ఐదు ప్రశ్నల్లో నాలుగో ఐదో ఊహతో సరిపోయే అవకాశం 32లో 6. రెండు రకాల్లోనూ అలా కుదిరే అవకాశం 1,024లో 36, అంటే నూటికి మూడున్నర. ‘సమానం’ అనే మూడో దారి కూడా ఉంటే ఇంకా తక్కువ.

పత్రం అచ్చు వేయడంలో జాగ్రత్తలు. బోర్డు మీద రాసి దింపుకోమంటే పాయింటు చుక్క ఎక్కడో జారిపోతుంది, మీరు కొలిచేది చూచిరాత అవుతుంది. జెరాక్స్ తీయించండి, అక్షరాలు 16 సైజు ఉండాలి, చుక్క స్పష్టంగా కనబడాలి. ‘.8’ అని కాకుండా ‘0.8’ అని రాయండి. పెద్ద సంఖ్య కొన్నిట్లో ఎడమన, కొన్నిట్లో కుడిన ఉండాలి. అ, ఆ రకాలను కలగాపులగంగా పేర్చండి, ఒకే రకం వరసగా మూడు రాకూడదు. ప్రశ్నల వరస తిరగేసి రెండో సెట్టు చేసి, పక్కపక్కన కూర్చున్నవాళ్లకు వేర్వేరు సెట్లు ఇవ్వండి. సూచన ఒక్కటే: ‘పెద్దదానికి సున్నా చుట్టండి. రెండూ సమానమైతే మధ్యలో = పెట్టండి.’

ఆ సూచన పిల్లలకు అర్థమయ్యే మాటలో ఉండాలి. ఇచ్ఛాపురం, కంచిలి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలుంటారు, కొండ ఊళ్లలో సవర పిల్లలుంటారు. ఒక్క వాక్యం వాళ్ల భాషలో చెప్పించండి, లేకపోతే తెలుగు రానితనం లెక్క రానితనంగా నమోదవుతుంది. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన ఊరి పక్కనే పని చేసే మనకు ఈ కాస్త శ్రమ ఎక్కువ కాకూడదు.

పరీక్ష రోజు. సమయం 12 నిమిషాలు. పర్యవేక్షించే ఉపాధ్యాయులు ఏ లెక్కనూ విడమరచి చెప్పకూడదు, ‘జాగ్రత్తగా చూడరా’ అని భుజం తట్టినా ఫలితం మారుతుంది. ఇవి మార్కులకు కాదని, రికార్డులోకి ఎక్కవని ముందే చెప్పండి. అయ్యాక జవాబులు చర్చించకండి, కాగితాలు తిరిగి ఇవ్వకండి.

ఏ వారంలో పెడుతున్నామన్నదీ ముఖ్యమే. ఉభాలు (వరి నాట్లు) ముమ్మరంగా ఉన్న రోజుల్లో హాజరు పలచబడుతుంది. విజయనగరంలో సిరిమానోత్సవం వారం, సంక్రాంతికి ముందు వారం వదిలేయండి. తీరం ఊళ్లలో చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే కుటుంబాలు, పనులకు హైదరాబాద్ వలస వెళ్లే కుటుంబాలు ఉన్న బడుల్లో రెండో పరీక్ష నాటికి కొందరు ఉండరు. రెండు పరీక్షలూ రాసినవాళ్లనే పోల్చాలి. అయితే రెండోసారి లేనివాళ్లు ఎందరో, మొదటిసారి ఏ తీరులో ఉన్నారో రిపోర్టులో రాయాలి. అందరినీ కలిపి పోలిస్తే, ఎక్కువ తడబడినవాళ్లే వెళ్లిపోయిన బడిలో బోధన మారకపోయినా సగటు పెరుగుతుంది.

దిద్దడం మార్కులతో కాదు. ఒక ఠావు మీద అడ్డంగా రోల్ నంబర్లు, నిలువుగా ‘అ సరి’, ‘ఆ సరి’, ‘తీరు’, నాలుగు అదనపు ప్రశ్నలు. తీరు ఇలా తేల్చండి:

అ 4–5, ఆ 4–5: సరైన సూత్రం.
అ 0–1, ఆ 4–5: పొడుగుదే పెద్దది.
అ 4–5, ఆ 0–1: పొట్టిదే పెద్దది.
మిగతావన్నీ: తేలనివి.

తేలనివాటిని బలవంతంగా ఏదో గదిలో పెట్టకండి. ఊహతో రాసినవాళ్లు, సగం నేర్చుకుని రెండు సూత్రాల మధ్య ఊగేవాళ్లు అందులో ఉంటారు. ఒక్కో తీరు నుంచి ఇద్దరిని విడిగా పిలిచి ‘ఇది పెద్దదని ఎలా కనుక్కున్నావు?’ అని అడగండి. అడిగాక ఆగండి. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, కారణాలు చెప్పడం పెరుగుతుందని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో చూపించారు. మీరు పెట్టిన తీరు, పిల్లాడు చెప్పిన కారణం కలవకపోతే పిల్లాడి మాటనే నమ్మండి.

రెండో పరీక్షకు అంకెలు మార్చండి, అమరిక మార్చకండి. 4.8 – 4.63 స్థానంలో 6.9 – 6.72, 5.736 – 5.62 స్థానంలో 3.847 – 3.51. ఇది పాఠం ముగిసిన మర్నాడే పెట్టి ఊరుకుంటే మోసపోతాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తు చేసుకోగా, చదివాక చూడకుండా రాసినవాళ్లు 75 శాతమే చేసుకున్నారు. వారం తర్వాత చూస్తే తారుమారు: మళ్లీ చదివినవాళ్లకు 42, చూడకుండా రాసినవాళ్లకు 56. అప్పటికప్పుడు బాగున్న పద్ధతి నిలవకపోవచ్చు. కాబట్టి పాఠం ముగిసిన వారానికి ఒకసారి, మరో నాలుగు వారాలకు ఇంకోసారి పెట్టండి.

ఫలితం చదవడానికి ఒక ఊహా తరగతి తీసుకుందాం. రెండు పరీక్షలూ రాసినవాళ్లు 38 మంది. మొదట సరైన సూత్రం 9, పొడుగుదే 15, పొట్టిదే 6, తేలనివి 8. తర్వాత వరసగా 21, 5, 7, 5. సరైనవాళ్లు రెట్టింపు దాటారు, సంతోషమే. కానీ ‘పొట్టిదే’ 6 నుంచి 7 ఎందుకయింది? మొత్తాలు చెప్పవు, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలారో గళ్ల పట్టీ వేస్తే తెలుస్తుంది. ‘పొడుగుదే’ అన్న 15 మందిలో ఏడుగురు సరైన సూత్రానికి వచ్చారు, నలుగురు కదల్లేదు, మిగిలిన నలుగురు నేరుగా ‘పొట్టిదే’కి వెళ్లారు. పదో వంతు పెద్దది, నూరో వంతు చిన్నది అని గట్టిగా చెప్పిన పాఠం ఆ నలుగురికి ఒక తప్పు తీసి ఇంకో తప్పు ఇచ్చింది. పదికి మార్కులు వేస్తే వాళ్లకు ముందూ అయిదే, తర్వాతా అయిదే. మార్కుల రిజిస్టరులో ఏమీ జరగలేదు, వాళ్ల బుర్రలో మాత్రం పెద్ద మార్పే జరిగింది. మీ తర్వాతి పాఠం తయారు కావలసింది ఆ నలుగురి కోసం.

డిగ్రీ, ఇంజనీరింగ్ అధ్యాపకులకూ పద్ధతి ఇదే. అమెరికాలో హెస్టెనెస్ బృందం 1992లో ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీలో (బలం, చలనం గురించిన అవగాహనను పరీక్షించే భౌతికశాస్త్ర ప్రశ్నపత్రం) తప్పు ఐచ్ఛికాలు విద్యార్థుల సహజమైన అపోహల నుంచే తీసుకున్నవి. పైకి విసిరిన బంతి మీద ‘విసిరిన బలం’ ఇంకా పనిచేస్తూనే ఉందన్నది అలాంటిది. 1998లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ హేక్ ఇలాంటి పరీక్షలు రాసిన 6,542 మంది విద్యార్థుల ఫలితాలు పోల్చడానికి వాడిన కొలత: తర్వాతి శాతంలోంచి ముందు శాతం తీసేసి, దాన్ని ‘నూరులోంచి ముందు శాతం తీసేస్తే వచ్చేదాని’తో భాగించడం. తరగతి సగటు 40 నుంచి 70కి పెరిగితే 30ని 60తో భాగించి 0.5. మామూలు ఉపన్యాస తరగతుల సగటు 0.23, విద్యార్థులు చర్చించి పనిచేసే తరగతుల సగటు 0.48 అని ఆయన లెక్క తేలింది. ఎచ్చెర్లలో ఒక సెక్షన్‌ను, విజయనగరంలో ఇంకో సెక్షన్‌ను పోల్చాలంటే, మొదటి మార్కులు వేరువేరుగా ఉన్నా ఈ కొలత కొంత ఆసరా ఇస్తుంది. దీన్ని తరగతి సగటుకే వాడండి. ముందే నూరు తెచ్చుకున్న విద్యార్థికి భాగహారం సున్నాతో అవుతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సింది: పత్రం రెండు సెట్లు అచ్చు వేయించండి. ముందు మీ తరగతికి కాక పక్క సెక్షన్‌లో అయిదుగురు పిల్లలకు ఇచ్చి, ఎవరైనా సూచన దగ్గరే ఆగిపోతున్నారేమో, 12 నిమిషాలు చాలుతున్నాయో లేదో చూడండి. తర్వాత మీ తరగతికి పెట్టి ఠావు నింపండి. దిద్దిన కాగితాల్లో పదింటిని ఇంకో ఉపాధ్యాయుడికి ఇచ్చి ఆయన చేత కూడా తీరు రాయించండి. ఇద్దరికీ తేడా వస్తే సరైన జవాబులను తప్పు లెక్కపెట్టారని అర్థం, మొత్తం మళ్లీ చూడండి. 4వ పాఠంలో ‘పొడుగుదే’, ‘పొట్టిదే’ రెండు తీర్లకూ ఒకే పీరియడ్‌లో పనికొచ్చే సంఖ్యారేఖ కృత్యం కడతాం. దానికి ప్రతి జట్టుకూ ఒక మీటరు పొడవున్న కాగితపు పట్టీ, స్కేలు కావాలి.