పాత క్యాసెట్లు వినదలచుకున్నవారు వాక్‌మన్‌ను సిద్ధం చేసుకునే పద్ధతి

నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలో బీరువా అడుగునో అటక మీదనో క్యాసెట్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో అంగట్లో కొన్న సినిమా పాటల క్యాసెట్ పాడైనా పెద్ద నష్టం లేదు, ఆ పాటలు మరోచోట దొరుకుతాయి. టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టి పాడించుకున్న నాయనమ్మ బతుకమ్మ పాటలకు, ఊళ్లో జరిగిన ఒగ్గు కథకు, పెళ్లినాటి అప్పగింతల పాటలకు మాత్రం ప్రపంచంలో ఆ ఒక్క రీలు తప్ప మరో ప్రతి ఉండదు. అందుకే, వాక్‌మన్ పూర్తిగా నమ్మదగినదని తేలిన తరువాతే అటువంటి క్యాసెట్‌ను అందులో పెట్టాలి. మరమ్మతు, శుభ్రత, పరీక్ష అన్నీ పోయినా బాధలేని ఒక క్యాసెట్‌తోనే జరగాలి.

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్‌లో రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనే రెండు వైపుల స్టీరియో శబ్దం, అంటే నాలుగు జాడలు (ట్రాకులు), పక్కపక్కన ఇమిడి ఉంటాయి. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున ఆ రీలు, దాని మీది శబ్దాన్ని చదివే హెడ్‌ను ఒరుసుకుంటూ సాగాలి. సోనీ మొదటి వాక్‌మన్‌ను 1979లో విడుదల చేసి, 2010లో జపాన్ మార్కెట్‌కు క్యాసెట్ వాక్‌మన్ పంపడం ఆపేసింది. కాబట్టి మన చేతికి వచ్చే మంచి యంత్రం ఏదైనా ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నదే అయి ఉంటుంది. ఇప్పుడు కొత్తగా తయారవుతున్న చౌక ప్లేయర్లు చాలావాటిలో వేగం నిలకడగా ఉండదు. నన్నడిగితే, బాగు చేయించిన పాతదే మేలు.

ముందుగా బ్యాటరీల గది మూత తీసి చూడాలి. మరిచిపోయిన బ్యాటరీలు లోపలే కారి ఉంటే స్ప్రింగుల మీద తెల్లటి పొడి, రాగి తగిలిన చోట ఆకుపచ్చ పొక్కులు కనిపిస్తాయి. ఆల్కలైన్ బ్యాటరీల నుంచి కారేది క్షారం కనుక దూదిపుల్లకు కొద్దిగా వెనిగర్ అద్ది తుడిస్తే అది విరుగుతుంది. ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పొడిని నోటితో ఊదడం, ఒట్టి వేళ్లతో గీకడం మంచిది కాదు. అడాప్టర్ వాడేవారు వోల్టేజితోపాటు పిన్నులో ప్లస్ లోపల ఉందా బయట ఉందా అన్నది యంత్రం మీది గుర్తుతో సరిచూసుకోవాలి. ఈ విషయంలో కంపెనీకొక పద్ధతి ఉండేది, తేడా వస్తే బోర్డు కాలిపోవచ్చు.

తరువాత చూడవలసినది బెల్టు. మోటారు నుంచి చక్రానికి కదలికను అందించే ఈ సన్నని రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది, కొన్ని యంత్రాల్లో కరిగి తారులా అంటుకుపోతుంది. మన ఎండాకాలంలో రేకుల ఇంటి అటక మీద ఉన్న యంత్రమైతే అలా జరిగిందనే అనుకొని మూత విప్పాలి. పాట బరువుగా ఈడ్చుకుంటూ రావడం, రివైండ్ చివరిదాకా వెళ్లలేక ఆగిపోవడం సాగిన బెల్టుకు గుర్తులు. పాతది తీసేసి, చక్రాల చుట్టూ ఒక దారం తిప్పి కొలత తీసుకొని, ఆ కొలత కంటే నూటికి ఐదు పాళ్లు చిన్నదైన బెల్టు వేసుకుంటే సరిపోతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాత రేడియోలు బాగు చేసే దుకాణంలో ముందు అడగండి. అక్కడ లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతకవచ్చు. కాగితాలకు చుట్టే రబ్బరు బ్యాండు మాత్రం వేయవద్దు, దాని మందం అంతటా ఒకేలా ఉండదు కనుక పాట ఊగుతూ వినిపిస్తుంది.

ఇక హెడ్. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, హెడ్ మెరిసే ముఖం మీద, దాని పక్కన నిలబడి ఉండే సన్నని ఇనుప కడ్డీ మీద మెల్లగా రుద్దితే దూదికి ముదురు గోధుమరంగు మరక అంటుతుంది. రీలు నుంచి రాలిన పొడే అది. దూది తెల్లగా వచ్చేవరకు పుల్లలు మారుస్తూ తుడవాలి. ఈ ద్రవం ఫోన్లు బాగు చేసే దుకాణాల్లో ఐపీఏ అంటే ఇస్తారు, బోర్డులు కడగడానికి వారు దానినే వాడతారు. పెట్రోలు, థిన్నర్, ఉప్పు కాగితం వంటివి దగ్గరికి రానివ్వకూడదు. కడ్డీకి ఆని తిరిగే రబ్బరు రోలరును ఆల్కహాల్‌తో తరచుగా తుడిస్తే గట్టిపడుతుంది కాబట్టి, రెండు చుక్కల సబ్బునీటితో తడిపిన గుడ్డతో తుడిచి, తరువాత ఒట్టి నీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. రీలు చుట్టుకుపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఈ రోలరు జిగురే. మిర్యాలగూడలో రైసుమిల్లుల చుట్టుపక్కల, కంకర మిషన్ల దగ్గరి ఊళ్లలో గాలిలోనే దుమ్ము ఉంటుంది. అక్కడివారు ప్రతి నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి ఈ పని చేయడం మంచిది.

ఇప్పుడు పరీక్ష క్యాసెట్ పెట్టి, ఒక వైపు మొత్తం వినండి, వాక్‌మన్ మూతకున్న కిటికీలోంచి చూస్తూ ఉండండి. చుట్టుకునే వైపు చక్రం ఆగకుండా తిరగాలి. అది ఆగి, ఇవతలి వైపు నుంచి రీలు వస్తూనే ఉంటే మరుక్షణం ఆ రీలు లోపల పోగుపడుతుంది. అలా ఇరికినప్పుడు క్యాసెట్‌ను పట్టి లాగకూడదు. బ్యాటరీలు తీసేసి, మూత తెరిచి, రోలరుకు చుట్టుకున్న రీలును వేలికొనతో ఒక్కో చుట్టే విడదీసి, ఆరు పలకల పెన్సిల్‌ను క్యాసెట్ రంధ్రంలో పెట్టి నింపాదిగా తిప్పుతూ లోపలికి చుట్టాలి. ముడత పడిన చోట పాట కాస్త తడబడినా రీలు మాత్రం దక్కుతుంది.

యంత్రం పరీక్షలో నెగ్గాక ఇంటి క్యాసెట్ వంతు వస్తుంది. క్యాసెట్‌కు ఉన్న కిటికీలోంచి రీలు అంచులను వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలో నూగులాంటి పొరో ఉంటే అది బూజు. దానిని వాక్‌మన్‌లో పెడితే హెడ్ ద్వారా మిగిలిన క్యాసెట్లకూ పాకుతుంది కనుక విడిగా సంచిలో కట్టి ఉంచాలి. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో, వానాకాలంలో చెమ్మ పట్టే గదుల్లో ఈ బెడద ఎక్కువ. అంచు దగ్గర రీలు లోపలివైపు రాగి రంగు రేకు మీద చిన్న మెత్త ఉంటుంది. ఆ మెత్త రీలును హెడ్‌కు అదిమి పెడుతుంది, అది ఊడిపోతే శబ్దం దూరమైపోతుంది. అటువంటప్పుడు ఐదు స్క్రూల పెట్టె ఉన్న మరో క్యాసెట్‌ను విప్పి, మన రీలును అందులోకి మార్చుకోవచ్చు. తెగిన రీలును అతకడానికి స్ప్లైసింగ్ టేపునే, హెడ్‌కు తగలని వైపు వాడాలి. మామూలు సెల్లోటేపు జిగురు కారి పక్క చుట్లను అంటుకుంటుంది.

వినడానికి ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, తిరిగి వెనక్కి తిప్పితే ఏళ్లుగా బిగుసుకున్న చుట్లు సర్దుకుంటాయి. పైఅంచున ఎడమ మూలన ఉండే ప్లాస్టిక్ పలుకు మనకు కనిపిస్తున్న వైపుకు చెందినది. రెండు వైపులవీ విరిచేస్తే పొరపాటున ఏ టేప్ రికార్డర్‌లోనూ దాని మీద మరొకటి రికార్డు కాదు. తొంభై నిమిషాల క్యాసెట్ వరకు భయం లేదు కానీ, నూట ఇరవై నిమిషాల వాటిలో రీలు బాగా పలుచన, వాటిని ముందుకు వెనక్కు అదేపనిగా తిప్పవద్దు. పాట మరీ మూసుకుపోయినట్టు వినిపిస్తే, రొద తగ్గించే డాల్బీ మీట ఆపి చూడండి, ఇంట్లో రికార్డు చేసినవాటికి సాధారణంగా అది అక్కర్లేదు.

ఆ విన్న మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి స్టీరియో తీగను కంప్యూటర్‌లో బయటి శబ్దం తీసుకునే లైన్ ఇన్ రంధ్రానికి గాని చిన్న యూఎస్‌బీ ఆడియో పెట్టెకు గాని కలిపి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా రికార్డు చేయవచ్చు. ఫోను మైకు రంధ్రం ఒకే చానల్ తీసుకుంటుంది, అది చాలదు. శబ్దం సూచిక ఎర్రగీతను తాకకుండా తగ్గించుకోవాలి, రొద తీసే పనిని నకలు మీదే చేయాలి. ఫైలు పేరులో ఊరు, ఏడాది, పాడినవారి పేరు, క్యాసెట్ వైపు రాసి, దానిని రెండు వేరువేరు చోట్ల దాచండి. అసలు క్యాసెట్‌ను పారేయకుండా చివరిదాకా చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా, ఎండ తగలని లోపలి గదిలో ఉంచాలి. రేపు ఇంతకన్నా మంచి హెడ్ ఉన్న యంత్రం దొరికితే అదే రీలు నుంచి మరింత స్పష్టమైన నకలు తీసుకోవచ్చు.