సూది గుచ్చుకోకముందే ఆస్పత్రిని అడిగి తీసుకోవాల్సిన టీకా

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎక్కడైనా సరే, నర్సింగ్ హోమ్‌లోనో ల్యాబ్‌లోనో పని చేస్తున్న మన తెలుగువాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను: రక్తం ద్వారా అంటి కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి రాకుండా వేసే టీకా మీకు మూడు డోసులూ పడ్డాయా? పడితే ఆ కార్డు ఎక్కడుంది? కోవిడ్ టీకా సంగతి అడిగితే సర్టిఫికెట్ ఫోనులో వెంటనే చూపిస్తారు, ఇది అడిగితే మాత్రం "చిన్నప్పుడు వేసే ఉంటార్లెండి" అంటారు. దేశమంతటా పిల్లల టీకాల్లో హెపటైటిస్ బి చేరింది 2011 తర్వాతే. ఇప్పుడు డ్యూటీ చేస్తున్న వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు పడలేదనే అనుకోవాలి.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా మొదట చేరింది ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. సూదులకి గట్టి తెల్ల డబ్బా ఉండాలి, గుచ్చినా బయటికి రాని రకం. అది నిండిపోతే ఎవరో ఒకరు వాడిన సూదిని పసుపు సంచిలో పడేసేవాళ్ళు. మేమంతా మావుసి అని పిలిచే ఆయా ఒకరోజు ఆ సంచిని ఎత్తి తొడకి ఆనించుకుని మెట్లు దిగుతోంది. చీర మీంచే సూది దిగింది. సంచి కింద పెట్టింది, కొంగుతో అద్దుకుంది, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ సూది ఏ పేషెంటుదో ఎవరూ వెతకలేదు. నేను ఇన్‌చార్జి దగ్గరికి వెళితే "ఆమె కాంట్రాక్టరు మనిషి, వాళ్ళే చూసుకోవాలి" అన్నారు. నేనూ నోరు మూసుకుని వచ్చేశాను, ఎందుకంటే రూలు నాకప్పుడు తెలీదు. తెలిసుంటే ఆ రోజే కాగితం పెట్టేదాన్ని.

రూలు ఇదీ. 2016 నాటి బయో మెడికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనల్లో నాలుగోది ఆస్పత్రి నడిపేవాళ్ళ బాధ్యతల గురించి. ఆస్పత్రి వ్యర్థాలను ముట్టుకునే ఆరోగ్య సిబ్బందికీ, 'ఇతరులకీ' హెపటైటిస్ బి, ధనుర్వాతం లాంటి జబ్బులు రాకుండా టీకాలు వేయించాలని అందులో ఉంది. చేరేటప్పుడూ, తర్వాత ఏడాదికి ఒకసారైనా ఆరోగ్య పరీక్షలు చేయించి రికార్డు ఉంచాలని కూడా ఉంది. ఆ 'ఇతరులు' అన్న మాటలో కాంట్రాక్టు మావుసి కూడా వస్తుంది. కాబట్టి మన దగ్గర చట్టం ముందుగా పట్టుకునేది టీకా వేయించని ఆస్పత్రిని, వేయించుకోని నర్సుని కాదు. ఇది తెలియకే మనవాళ్ళు జీతంలోంచి డబ్బులు పెట్టుకుని వేయించుకుంటున్నారు, లేదంటే వదిలేస్తున్నారు.

"మరి నాకు వద్దంటే బలవంతంగా వేస్తారా?" అని అడిగేవాళ్ళున్నారు, భయం ఉంటే అడగాల్సిందే. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్.గవాయి ఇచ్చిన తీర్పది. శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమనీ, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ చెప్పారు. అదే తీర్పులో, జనం ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు, కాకపోతే అవి అవసరానికి తగ్గట్టు ఉండాలని కూడా అన్నారు. ఆ తీర్పు కోవిడ్ టీకాల గురించి. దాన్ని చూపించి "ఏ టీకా గురించీ ఆస్పత్రి నన్ను అడగకూడదు" అనేస్తే కుదరదు. పై దేశాల్లో కూడా ఒక్క దారి లేదు. ఫ్రాన్స్‌లో కోవిడ్ టీకా వేసుకోని ఆరోగ్య సిబ్బందిని 2021 సెప్టెంబరు నుంచి సస్పెండ్ చేశారు, 2023 మేలో మళ్ళీ తీసుకున్నారు. హెపటైటిస్ బి విషయంలో అమెరికా 1991లో పెట్టిన రూలు నాకు నచ్చుతుంది: యజమాని ఉచితంగా ఇవ్వాలి, వద్దనుకుంటే ఉద్యోగి వద్దని సంతకం పెట్టాలి, తర్వాత మనసు మారితే అప్పుడైనా ఇవ్వాలి.

డోసుల లెక్క సులువే. మొదటిది పడ్డ రోజు సున్నా, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. జబ్బకి వేయించుకోండి, పిరుదుకి వద్దు, అక్కడ సరిగ్గా పని చేయదు. మధ్యలో డోసు తప్పిందని టెన్షన్ పడి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగించొచ్చు. మూడోది పడ్డాక ఒకటి రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకా పని చేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష, చేయించాలి, చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. 10 లేదా ఆ పైన వస్తే రక్షణ ఉన్నట్టు. తక్కువొస్తే మూడు డోసులూ ఇంకోసారి. ఆ రిపోర్టు ఫోటో తీసి ఉంచుకోండి, రేపు బయటి దేశానికి నర్సుగా వెళ్ళాలన్నా ముందు అడిగే కాగితాల్లో అదొకటి.

టీకా పడకముందే సూది గుచ్చుకుంటే? పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ రుద్దొద్దు. టైము, పేషెంటు వివరం రిజిస్టరులో రాయించండి. ఆ పేషెంటు రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించమనండి. హెచ్‌ఐవీ అంటకుండా ఇచ్చే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. డ్యూటీలో అలా జరిగినప్పుడు ఆ మందు ఇప్పించడం ఆస్పత్రి బాధ్యత అని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది, కాబట్టి రాత్రి డ్యూటీ అయినా సరే పొద్దున్నదాకా ఆగొద్దు. హెపటైటిస్ బి ఉన్న పేషెంటు సూది టీకా లేని మనిషికి గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటుకుంటుంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురికి. మనం మాత్రం రెండో దానికే వణుకుతాం. హెపటైటిస్ బి టీకా లేనివాళ్ళకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (ఆ జబ్బుతో పోరాడే తయారు యాంటీబాడీల) ఇంజెక్షనూ, టీకా మొదటి డోసూ వీలైతే 24 గంటల్లోపే పడాలి.

ఇక కాగితం పని. నోటితో అడిగితే "చూద్దాం" అనే అంటారు, అందుకే రాసివ్వండి. ఒడియా మాట్లాడతాం గానీ రాయడం మనలో చాలామందికి రాదు. ఇంగ్లిష్‌లో రాయండి, లేదా పక్క డ్యూటీ ఒడియా సిస్టర్‌ని రాసిపెట్టమనండి, ఆవిడకీ ఆ టీకా కావాలి కాబట్టి రెండో సంతకం ఆవిడదే అవుతుంది. నాలుగు వాక్యాలు చాలు: మేం ఫలానా వార్డులో రక్తం, వ్యర్థాలు ముట్టుకునే పని చేస్తున్నాం, 2016 నిబంధనల్లో నాలుగోది ప్రకారం హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏడాది ఆరోగ్య పరీక్ష చేయించాలి, ఏ తేదీ నుంచి మొదలుపెడతారో రాతపూర్వకంగా చెప్పండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

సర్కారు ఆస్పత్రిలో పని చేసేవాళ్ళకి దారి ఇంకా సులువు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా వేయడం ఒక భాగం, జిల్లా పెద్దాసుపత్రిలో ఆ కార్యక్రమం చూసేవాళ్ళ పేరు కనుక్కుని వాళ్ళకే ఇవ్వండి. ప్రైవేటులో నెల గడిచినా జవాబు రాకపోతే ఒడిశా కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. ఈ నిబంధనలు అమలు చేయించాల్సింది వాళ్ళే, రాయగడలోనూ బరంపురంలోనూ వాళ్ళకి ప్రాంతీయ ఆఫీసులున్నాయి. ఒక్కరే రాస్తే ఉద్యోగం మీదికి వస్తుందేమో అన్న భయం న్యాయమైనదే, అందుకే వార్డంతా కలిసి పెట్టండి.

దరఖాస్తుకి పేర్ల లిస్టు జతచేస్తారు కదా, అందులో పైవరస చెత్త ఎత్తేవాళ్ళకి వదలండి. కాంట్రాక్టరు మనుషులని ఎవరైనా కొట్టేయబోతే నాలుగో నిబంధనలో ఆ 'ఇతరులు' అన్న మాట కింద గీత గీసి చూపించండి. సంతకం రాని మావుసి చేత వేలిముద్ర వేయించండి.