గాలం పాఠాలు – 6: ఎరకి ఉప్పు పట్టించడం

పోయిన పాఠంలో రొయ్యని గాలానికి ఎలా గుచ్చాలో చూశాం. సరిగ్గా గుచ్చినా విసిరేటప్పుడు సగం ఊడి గాల్లోనే పోతోందంటే తప్పు మీ చేతిది కాదు, రొయ్యది. మార్కెట్లో పొద్దుటి నుంచీ ఐసు మీద పడున్న రొయ్య మెత్తబడిపోయి ఉంటుంది. దాన్ని గట్టిపరచడమే ఈసారి పని.

ఎరకి ఉప్పు అనగానే నిలవ కోసం అనుకుంటారు. నిలవ ఉండటం బోనస్. అసలు లాభం కండ బిగియడం. మాగాయ పెట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది, ఊట పిండేసి ఎండబెడితే ముక్క గట్టిపడుతుంది. ఇక్కడా ఉప్పు కండలోని నీటిని బయటికి లాగి, తను కొంత లోపలికి దిగుతుంది. ప్రొటీన్లు దగ్గరపడి బిగుస్తాయి. నీళ్ళు తగ్గాయి కాబట్టి కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఆటలు సాగవు.

గళ్లుప్పే వాడండి. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఉప్పు మడులున్న తీరం మనది, దానికి కరువు లేదు. మొదట్లో నేను వంటింట్లో ఉన్న మెత్తటి ప్యాకెట్ ఉప్పుని కవళ్ళ చేప ముక్కలకి దట్టంగా పులిమాను. పైన చెప్పు తోలులా అయింది, లోపల ముద్దగానే ఉండిపోయింది, మూడో రోజుకి కంపు. మెత్తటి ఉప్పు పైపొరని చప్పున బిగించేస్తుంది, దాంతో లోపలికి దిగే దారి మూసుకుపోతుంది. గళ్లుప్పు నిదానంగా కరుగుతూ లోతుగా పడుతుంది. అయొడిన్ ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

పావు కిలో చిన్న రొయ్యలు తీసుకోండి. తలలు తీసేయండి, పెంకు ఉంచండి. తలలో ఉండే జీర్ణరసాలే రొయ్య చచ్చాక కండని కరిగించేది. కడిగి, పాత గుడ్డతో తడి అద్దండి. చిల్లుల గిన్నె కింద పళ్ళెం పెట్టి, ఒక వరస ఉప్పు, ఒక వరస రొయ్యలు చొప్పున పేర్చండి. మొత్తం వంద గ్రాముల ఉప్పు సరిపోతుంది. పైన మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

తెల్లారేసరికి కింద పళ్ళెంలో మురికి గులాబీ రంగు ఊట చేరుతుంది. పారబోయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మూత బిగించిన డబ్బాలో అన్నీ కలిపి పెట్టేస్తారు, రొయ్య తన ఊటలోనే నానుతూ ఉంటుంది. ఉప్పు చాలినంత ఉంటే పాడవదు గానీ, మనం కోరుకున్నంత గట్టిగా మాత్రం అవదు. ఊట తీసేశాక రొయ్యల్ని కిందామీదా చేసి, ఇంకో గుప్పెడు ఉప్పు చల్లి మరో పూట ఉంచండి.

ఇప్పుడు ఒక రొయ్యని రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని కొంచెం లాగి చూడండి. బిర్రుగా ఆగితే అయిపోయినట్టే. పీలికలుగా విడిపోతే ఇంకో పూట ఆగాలి. వంచితే విరిగేంత ఎండిపోయిందా, గుచ్చే ముందు కాసేపు నీళ్ళలో వేయండి.

కవళ్ళు, కానాగంతల్లాంటి చేపలు అయితే చర్మంతో సహా చిటికెన వేలంత ముక్కలు కోసి ఇదే పద్ధతి, ఒక రాత్రి చాలు. గాలం చర్మంలోంచి దూరాలి. ఆ ముక్కకి పట్టు అక్కడే. కోడి కార్జానికి కూడా ఉప్పు బాగా పనిచేస్తుంది, కాలవల్లో జెల్లలకి వేసేవాళ్ళు చేసి చూడండి. వానపాములకి మాత్రం వద్దు, జిగురు కక్కి చస్తాయి. పండుగప్ప కోసం వెళ్తున్నా ఈ శ్రమ అనవసరం. దానికి కదిలే ఎర కావాలి.

మిగిలినవి కొత్త ఉప్పు కొంచెం చల్లి కవర్లో కట్టి ఫ్రీజర్‌లో వేయండి. చిక్కటి ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల దగ్గర గానీ పూర్తిగా గడ్డకట్టదు, ఇంట్లో ఫ్రీజర్ ఉండేది మైనస్ 18 దగ్గర. అందుకే ఉప్పు బాగా పట్టిన ఎర ఫ్రీజర్‌లో కూడా వంగుతుంది, కావలసిన నాలుగే విడదీసుకోవచ్చు. పొట్లం రాయిలా అయిపోయిందంటే ఉప్పు చాల్లేదన్నమాట. కవరు మీద పెద్దక్షరాలతో ‘ఎర’ అని రాయండి. మా ఇంట్లో ఒకసారి వంకాయ కూరలోకి వెళ్ళబోయి ఆఖరి నిమిషంలో ఆగింది.

ఇంటికి రాగానే గాలాలు, ప్లయర్ మంచినీళ్ళతో కడగండి. ఉప్పు ఎర అంటిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే పావు కిలోలో సగానికి ఉప్పు పట్టించండి, సగం మామూలుగా ఉంచండి. ఒక్కో రొయ్య ఎన్ని విసుర్లకి నిలిచిందో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుంటేనే, సీసం గుండు బరువు గురించి చెప్పబోయే వచ్చే పాఠం అర్థమవుతుంది.