టమాటా వంట నేర్చుకుందాం, 3వ పాఠం: ఎండ ఉండగానే నీళ్లు లాగేద్దాం

పోయిన పాఠంలో చారు పెట్టాం, చివర్లో ఒక చిన్న పని కూడా ఇచ్చా, ఒక నాటు టమాటా ఒక హైబ్రిడ్ టమాటా కోసి ఉప్పు చల్లి పది నిమిషాలు పక్కన పెట్టి చూడమని. చూసినవాళ్లకి ఈ పాఠం సగం వచ్చేసినట్టే. నాటుదాని ప్లేట్లో చిన్న చెరువే తయారై ఉంటది, హైబ్రిడ్ దాంట్లో కొంచెం తక్కువ. కిలో టమాటాలు కొంటున్నాం అంటే అందులో 940 గ్రాముల దాకా నీళ్లే కొంటున్నాం అన్నమాట. చారుకి ఆ నీళ్లే బలం, పప్పులో సగం ఉంచుతాం సగం ఇగరబెడతాం, తొక్కుకి మాత్రం అదే శత్రువు. టమాటా వంట మొత్తం ఈ నీళ్లని ఏం చేస్తామన్నదే, మిగతాదంతా పోపు.

ఇవాళ నిల్వ తొక్కు మొదలుపెడదాం. ఇప్పుడే ఎందుకంటే రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్లు పగిలే ఎండ అంటారే ఆ ఎండ ఇంకో వారమో పది రోజులో. జూన్ 8 ఆ టైముకి మృగశిర వచ్చేస్తది, మనం చేపల కూర వండుకుంటాం, ఆకాశం ముసురేస్తది, ఇక డాబా మీద ఏం పెట్టినా లాభం లేదు. రేటు సంగతి చెప్పనక్కర్లేదు, 2023 జూలైలో కిలో 150 దాటినప్పుడు మా ఇంట్లో చారులో టమాటా వెతుక్కోవాల్సి వచ్చింది, కానీ మే నెలలో పెట్టిన తొక్కు జాడీలో ఉండబట్టి బతికిపోయాం.

కొనేటప్పుడు హైదరాబాద్‌లో అయితే మెహదీపట్నం రైతుబజారో ఎర్రగడ్డ రైతుబజారో మీకు ఏది దగ్గరైతే అది, పొద్దున్నే వెళ్లండి. బాగా ఎర్రగా పండి, నొక్కితే గట్టిగా ఉన్నవి కావాలి. పగిలినవి, కాడ దగ్గర మెత్తబడ్డవి సాయంత్రం సగం రేటుకి ఇస్తారు, అవి చారుకి ఓకే, తొక్కుకి వద్దు, ఒక్క కుళ్లు ముక్క చాలు జాడీ మొత్తం పోవడానికి. నేను సగం నాటు సగం హైబ్రిడ్ తీసుకుంటా, పులుపు నాటుదానిది, కండ హైబ్రిడ్‌ది. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి ఆ వాసనంతా చచ్చిపోతది.

రాత్రి పడుకునే ముందు కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పరిచేయండి. పొద్దున ముట్టుకుంటే తడి తగలకూడదు, కాడ గుంటలో కూడా. అక్కడ దాక్కున్న ఒక్క చుక్కే తర్వాత బూజు అయితది. కత్తి, పలక, చేతులు అన్నీ పొడిగానే ఉండాలి.

కిలోకి ఎనభై గ్రాముల దొడ్డుప్పు, ఎండబెట్టి దంచింది, ఒక చెంచా పసుపు. ఉప్పు చూసి బీపీ గుర్తొచ్చి తగ్గించేవాళ్లు ఉంటారు, మా చిన్నమ్మ అదే చేసింది, పదిహేను రోజుల్లో తెల్ల బూజు. ఉప్పు ఇక్కడ రుచికి కాదు, ముక్క లోపలి నీళ్లని బయటికి గుంజడానికి, తర్వాత చింతపండు కారం నూనె కలిసేసరికి ఆ ఉప్పంతా సర్దుకుంటది, మీకు అంత భయమైతే తినేటప్పుడు తక్కువ తినండి. ఒక్కో కాయని ఎనిమిది ముక్కలు చేసి, ఉప్పు పసుపు కలిపి, పింగాణీ జాడీలో గానీ గాజు సీసాలో గానీ వేసి మూత పెట్టండి. అల్యూమినియం గిన్నె మాత్రం అస్సలు వద్దు, పులుపూ ఉప్పూ కలిస్తే దాన్ని తినేస్తాయి. రోజుకోసారి పొడి గరిటెతో కింది ముక్క పైకి వచ్చేలా తిప్పాలి, అంతే, మూడో రోజు దాకా ఇంకేం పని లేదు.

మూడో రోజు పొద్దున ముక్కల్ని ఊటలోంచి తీసి పిండేసి, పళ్లెంలోనో షీట్ మీదో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి డాబా మీద పెట్టండి. మిగిలిన ఊటలో పీచులు గింజలు తీసేసిన చింతపండు ఎనభై గ్రాములు వేసి నానబెట్టండి, ఆ గిన్నె కూడా ఎండలోనే. పైన పల్చటి గుడ్డ కట్టండి, మన ఊళ్లో పావురాల సంగతి తెలిసిందే కదా. సాయంత్రం నాలుగింటికల్లా రెండూ లోపలికి తెచ్చేయాలి, ఈ మాట నేను మామూలుగా చెప్పట్లేదు, రెండేళ్ల కింద ఎండ బాగుంది కదా ఇంకో గంట ఉంచుదాం అని ఫోన్ చూస్తూ కూర్చున్నా, ఉన్నట్టుండి గాలిదుమారం, మెట్లెక్కేలోపు వాన, మూడు కిలోల ముక్కలు పక్కవాళ్ల వాటర్ ట్యాంకు దాకా ఎగిరిపోయాయి.

రెండు రోజుల ఎండ సరిపోతది. ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కితే తడి అంటకూడదు, కానీ వంగాలి. విరిగితే అది వరుగు అయిపోయింది, పప్పులోకి దాచుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, డాబా తాళం వేసేసి ఉంటది, బాల్కనీలో ఎండ రెండు గంటలే అనేవాళ్లకి పొయ్యి దారి ఉంది. వెడల్పు మూకుడులో పల్లి నూనె, టమాటా ముక్కలు, ఉప్పు, మూత పెట్టకుండా మీడియం మంట. ఇక్కడ కళ్లకన్నా చెవులు ముఖ్యం. నీళ్లున్నంతసేపు గుబగుబ అని ఉడుకుతది, నీళ్లుంటే వంద డిగ్రీల చుట్టూనే ఆగిపోతది కాబట్టి ఎంత మంట పెట్టినా వేగదు, ఉడుకుతుందంతే. ఆ శబ్దం మారి చిటచిట మొదలై నూనె అంచుల్లోకి తేలిందంటే నీళ్లు పోయినట్టు. ఇది ఫ్రిజ్‌లో పది రోజుల సరుకు, ఏడాది తొక్కు కాదు, ఆశ పెట్టుకోకండి.

రుబ్బడం, కారం మెంతిపొడి ఆవపొడి కొలతలు, ఎల్లిపాయ పోపు ఎప్పుడు కలపాలి, ఇవన్నీ 4వ పాఠంలో. ఆవకాయకి పట్టించిన కారం మిగిలితే పారేయకండి, దానికే పని ఉంది. ఈలోపు మీరు చేయాల్సింది ఒకటే, జాడీలో వేసిన మర్నాడు పొద్దున మూత తీసి చూడండి, ముక్కలు వాటి ఊటలోనే మునిగి ఉండాలి. మునగకపోతే ఇంకో చెంచా ఉప్పు వేసి తిప్పండి.